జిరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి అమ్మాయితో వెళ్తున్నా. టెంట్లో నాలుగు రాత్రులు, నాకు నడుం నొప్పి. పడకకు ఏం కొనాలి?

కావలి_టైర్లు

అందరికీ నమస్కారం. మాది కావలి, ట్రంక్ రోడ్డులో టైర్ల షాపు. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేసింది. ఉద్యోగంలో చేరేలోపు అరుణాచల్ ప్రదేశ్‌లో జరిగే జిరో మ్యూజిక్ ఫెస్టివల్ ఒక్కసారి చూసి రావాలని దానికి మూడేళ్లుగా కోరిక. అంత దూరం ఒక్కదాన్నే పంపనంది వాళ్లమ్మ. "నాన్న తోడొస్తే?" అని అడిగింది అమ్మాయి. ఇద్దరూ నా వైపు చూశారు. సరే అన్నాను, ఇష్టంగానే అన్నాను. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో హరికథ వింటూ ఇసుకలో గోనెపట్టా మీద తెల్లవార్లూ పడుకున్నవాణ్ణి. పాట వినిపిస్తుండగా నిద్రలోకి జారుకోవడం కంటే సుఖం నాకు ఇంకోటి తెలీదు.

సెప్టెంబరు ఆఖర్లో నాలుగు రోజులు. ఫెస్టివల్ టికెట్లు తీసుకున్నాం, బయటివాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేశాం. విజయవాడ మీదుగా గౌహతి, అక్కడి నుంచి రాత్రి రైల్లో నహర్లగూన్, ఆపైన సుమోలో కొండదారి. ఇవన్నీ అమ్మాయి చూసుకుంటోంది. నా టెన్షన్ అంతా రాత్రుళ్ల గురించే.

నాకు యాభై ఒకటి. బరువు 84 కిలోలు. నాలుగేళ్ల కిందట లారీ టైరు ఎత్తబోయి నడుం దగ్గర డిస్క్ జారింది. ఇప్పుడు పర్వాలేదు, కానీ గట్టి నేల మీద పడుకుంటే పొద్దున్నే లేవలేను, కుంగిపోయే పరుపు మీదా లేవలేను. కుడి పక్కకు తిరిగి పడుకునే అలవాటు. మామూలుగా ఎండాకాలం అంతా మేడ మీద నవారు మంచమే. చలి అంటే ఏంటో నాకు పెద్దగా తెలియదు, మా ఊరి చలికాలం మీకు తెలిసిందే.

పోయిన డిసెంబరులో అరకు వెళ్లినప్పుడు ఒకచోట టెంటు అద్దెకు తీసుకున్నాం. వాళ్లిచ్చింది యోగా చాప అంత పల్చటి మ్యాట్, రెండు రగ్గులు. రాత్రంతా కింద నుంచి చలి. పైన రెండు రగ్గులు వేసుకున్నా వీపు వెచ్చబడలేదు. పొద్దున వంగి సాక్సులు తొడుక్కోలేకపోయాను. మా అమ్మాయి కింద కూర్చుని నాకు సాక్సులు తొడిగింది. ఆ రోజంతా నేను మెల్లగా నడుస్తుంటే తనూ నాతో మెల్లగానే నడిచింది, చూడాలనుకున్నవి సగం చూడలేదు. జిరోలో అలా కాకూడదు. అది దాని పండగ.

టెంటు అక్కడే అద్దెకు తీసుకుంటాం. పడకకు ఇద్దరికీ కలిపి తొమ్మిది వేల దాకా పెట్టగలను. స్లీపింగ్ బ్యాగు ఎలాంటిది కొనాలి? కింద ఏం పరుచుకోవాలి? స్నేహితుడొకడు గాలి కొట్టుకునే డబుల్ ఎయిర్ బెడ్ ఇస్తానంటున్నాడు. మా ఆవిడేమో ఇంట్లో ఉన్న బొంత తీసుకెళ్లమంటోంది, మా అత్తగారు పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత అది. వెళ్లినవాళ్లు, ఆరుబయట పడుకునే అలవాటున్నవాళ్లు చెప్పండి.

పెన్నా_గట్టు

అన్నా, టెంటు అద్దెకిచ్చే వాళ్లను ముందే ఫోన్ చేసి మూడు సంగతులు అడుగు. టెంటుకు రెండు పొరలున్నాయా, నేల మీద ఏం పరుస్తారు, మ్యాట్ మందం ఎంత. "అన్నీ ఉంటాయి" అంటే వదలొద్దు, ఫోటో పంపమను. ఇద్దరి టెంటు అని రాసి ఉంటే అందులో ఇద్దరు పడుకోవడానికే చోటుంటుంది, బ్యాగులు బయట తడుస్తాయి. మీ ఇద్దరికీ ముగ్గురి టెంటు తీసుకో.

చీమకుర్తి_రాయి

సార్, నేను జిరోకి రెండుసార్లు వెళ్లాను, 2019లో, 2023లో. రెండుసార్లూ టెంట్లోనే. మీకు అరకులో జరిగిందే నాకు మొదటిసారి జిరోలో జరిగింది. అందుకని వివరంగా రాస్తున్నా.

మాది చీమకుర్తి, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. మే నెలలో మధ్యాహ్నం అన్నం తిన్నాక మావాళ్లు షెడ్డు నీడలో ఉన్న పాలిష్ పలక మీద చొక్కా విప్పి వెల్లకిలా పడుకుంటారు. అయిదు నిమిషాల్లో వీపు చల్లబడుతుంది. లేచాక వాళ్లు పడుకున్న చోట అరచెయ్యి పెట్టి చూస్తే రాయి వెచ్చగా ఉంటుంది, పక్కన చల్లగా ఉంటుంది. ఆ వెచ్చదనం రాయిది కాదు, ఆ మనిషి ఒంట్లోంచి పోయింది. మే నెలలో రాయి చేసే ఈ ఉపకారమే జిరోలో తడి నేల రాత్రి ఎనిమిది గంటలు చేస్తుంది. అరకులో మీరు పైన రెండు రగ్గులు కప్పుకున్నా వీపు వెచ్చబడకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి డబ్బు ముందు కింద పరిచేదానికి పెట్టండి. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా మీ బరువు కింద దాని దూది నలిగిపోతుంది. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ దూది మధ్య నిలిచి ఉండే గాలి. ఒంటి కింద ఆ గాలి మొత్తం బయటికి పోతుంది, ఇక మిగిలేది రెండు పొరల గుడ్డ. పైభాగం మాత్రమే పనిచేస్తుంది.

మ్యాట్ మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. వేడిని నేలలోకి పోనివ్వకుండా ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది, పెద్దదయితే మంచిది. నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ మ్యాట్, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉన్నదానికి రెండు దాకా ఉంటుంది. మూత తిప్పితే తనే కాస్త గాలి పీల్చుకునే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌లో లోపల ఫోమ్ ఉంటుంది, అయిదు సెంటీమీటర్లది అయితే మూడు పైనే. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కూడుకుంటాయి. మీకు నా సలహా: కింద ఫోమ్ మ్యాట్, దాని మీద అయిదు సెంటీమీటర్ల సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్. అమ్మాయి వయసుకు రెండు ఫోమ్ మ్యాట్లు చాలు.

పక్కకు తిరిగి పడుకునేవాళ్లకి తుంటి ఎముక దగ్గరే బరువంతా పడుతుంది. మ్యాట్‌లో గాలి బిగించి కొడితే నేల మీద పడుకున్నట్టే ఉంటుంది, మరీ వదిలేస్తే తుంటి నేలకు తగులుతుంది. దీనికి నేను చేసేది చెప్తా. గాలి నిండా కొట్టి పక్కకు తిరిగి పడుకోండి. మూత కొద్దిగా వదిలి, తుంటి మెత్తగా దిగబడుతోంది అనిపించగానే బిగించండి. ఇప్పుడు తుంటి కిందికి మ్యాట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఎముక తగలకూడదు. రెండు మోకాళ్ల మధ్య మడిచిన జర్కిన్ పెట్టుకోండి, నడుం మెలితిరగకుండా ఉంటుంది. జిరోలో రెండోసారి నన్ను లేపి నిలబెట్టింది ఈ మోకాళ్ల మధ్య జర్కినే.

రాత్రి చలి గురించి. జిరో లోయ సముద్రమట్టానికి 1500 మీటర్ల పైన ఉంటుంది. సెప్టెంబరు చివరికి కూడా వానలు పడుతుంటాయి. 2023లో నా దగ్గరున్న చిన్న థర్మామీటర్‌లో తెల్లవారుజామున 13 చూపించింది. మన జిల్లాలవాళ్లకు సెప్టెంబరు రాత్రి అంటే పాతిక డిగ్రీలు, ఉక్కపోత. 13 అంటే సగానికి సగం. పైగా గాలిలో చెమ్మ.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్నది చూడండి. లిమిట్ అన్నది చూసి మోసపోవద్దు, ఎక్స్‌ట్రీమ్ అన్నదాని జోలికే పోవద్దు. ఐఎస్ఓ 23537 ప్రమాణంలో కంఫర్ట్ అంటే ఒక మామూలు మహిళ కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే చలి, లిమిట్ అంటే ఒక మామూలు మగవాడు ముడుచుకుని ఎలాగో నిద్రపోగలిగేది. చలికి అలవాటు లేనివాళ్లం కాబట్టి కంఫర్ట్ పది డిగ్రీలు ఉన్నది తీసుకోండి. లోపల ఈకలు ఉన్నవి వద్దు. అవి తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. సింథటిక్ దూది తడిసినా కొంత పనిచేస్తుంది, త్వరగా ఆరుతుంది. ఇంకోటి, కాళ్ల వైపు సన్నబడే మమ్మీ ఆకారం మీకు వద్దు. మోకాళ్లు మడిచి పక్కకు పడుకునేవాళ్లకి అది కట్టేసినట్టుంటుంది. నలుచదరంగా ఉండి, జిప్ తీస్తే దుప్పటిలా పరుచుకునేది చూడండి. షాపులో చెప్పులు విప్పి అందులోకి దూరి, పక్కకు తిరిగి చూసి మరీ కొనండి. ఎవరూ ఏమనుకోరు.

నేను కొన్నప్పుడు ఫోమ్ మ్యాట్ ఒక్కోటి ఆరేడు వందలు, సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మూడు వేల లోపు, బ్యాగులు ఒక్కోటి రెండు వేలు. చెన్నైలో కొన్నా. మీ తొమ్మిది వేలలో సరిపోతుంది, చిల్లర మిగిలితే చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్స్ కొనండి. ప్యాకెట్ మీద ముప్పై డెసిబెల్స్ దగ్గర రాసి ఉన్నవి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పట్టుకుని లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో ఆపాలి. చాలామంది ఊరికే చెవిలో కుక్కి పనిచేయట్లేదంటారు. పక్క టెంట్లలో గిటార్లు అర్ధరాత్రి దాటినా ఆగవు సార్. మీకు పాటతో నిద్రపోవడం ఇష్టమన్నారు, అయినా మూడింటికి మెలకువ వస్తే అవి దగ్గరుండాలి.

కావలి_టైర్లు

చీమకుర్తి సోదరా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. మా అమ్మాయికి చదివి వినిపించాను. పాలిష్ పలక సంగతి చెప్పగానే "అరకులో నీకు జరిగింది అదే నాన్నా" అంది. రెండు అనుమానాలు మిగిలాయి. ఎయిర్ బెడ్ ఎందుకు వద్దు? పది అంగుళాల ఎత్తుంది, నేలకు అంత దూరంగా ఉంటే చలి ఎలా ఎక్కుతుంది? రెండోది బొంత. మా ఆవిడ పట్టు వదలట్లేదు, రైల్లో మోసుకెళ్లడానికి నేను సిద్ధమే.

ఉప్పుగాలి

బొంత గురించి నేను చెప్తానన్నా. మాది సింగరాయకొండ దగ్గర. పదకొండేళ్లుగా రొయ్యల చెరువు గట్టు మీద నా పడక. చలికాలం మంచు పడే రోజుల్లో కూడా అక్కడే.

బొంత మీద పడుకుంటే మొదటి రెండు గంటలు స్వర్గం. తర్వాత నూలు గుడ్డ కింద నుంచి చెమ్మ లాగడం మొదలుపెడుతుంది. పైకి తడి కనపడదు, చేత్తో పిండితే తెలుస్తుంది. ఒకసారి అలా పీల్చిందంటే నాలుగు రోజులకు గానీ ఆరదు, అదీ మన ఎండలో. వానలో ఏం ఆరుతుంది? ఆరని బొంత మోయడం ఇంకో పని. అత్తగారు కుట్టినదాన్ని అంత దూరం తీసుకెళ్లి బూజు పట్టించుకోవద్దు. ఇంట్లోనే ఉంచండి.

గట్టు మీద నేను కింద పరిచేది రొయ్యల మేత సంచులు. ఖాళీ సంచులు నాలుగు విప్పి కుట్టిన పట్టా, దాని మీద చాప, ఆపైన పడక. మీకు టార్పాలిన్ పట్టా చాలు. కానీ ఒకటి జాగ్రత్త. పట్టా టెంటు అడుగు కంటే చిన్నదిగా ఉండాలి. నాలుగు వైపులా నాలుగు వేళ్లు లోపలికి. బయటికి పొడుచుకొస్తే వాన నీళ్లు దాని మీద పడి, జారి, నేరుగా మీ పడక కిందకి వస్తాయి. కొత్తగా వచ్చిన కాపలా కుర్రాళ్లు ప్రతి ఏడాదీ ఇదే పొరపాటు చేస్తారు. పెద్ద పట్టా వేస్తే ఎక్కువ కాపాడుతుందనుకుంటారు.

పడుకునే బట్టలు వేరే ఉంచుకో. ఒక బనియను, ఒక ప్యాంటు, ఒక జత సాక్సులు కవర్లో కట్టి పెట్టి, పడుకోబోయే ముందు మాత్రమే తియ్యి. పగలు చెమట పట్టిన బట్టలతో పడుకుంటే ఏ బ్యాగూ నిన్ను కాపాడదు. తలకు మంకీ టోపీ. ముక్కు మాత్రం బ్యాగు లోపల పెట్టొద్దు, నీ ఊపిరి చెమ్మే లోపల దూదికి పడుతుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. మా చెరువుల్లో నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. ఆ హోరులో నేను నిశ్చింతగా నిద్రపోతాను. కరెంటు పోయి అవి ఆగాయంటే ఆ క్షణంలో మెలకువ వస్తుంది, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు చచ్చిపోతాయి, పరుగెత్తి జనరేటర్ వెయ్యాలి. ఒకేలా సాగే మోతకు చెవి అలవాటు పడిపోతుంది, ఆగి ఆగి వచ్చేదే నిద్ర చెడగొడుతుంది. అందుకని టెంటు వేసుకునే చోటు చూసుకోండి. బాత్రూములకు వెళ్లే దారి పక్కన వద్దు. టార్చి వెలుగులు, మాటలు, తాళ్లకు తట్టుకోవడం, అవి ఒక పద్ధతిగా రావు. దానికంటే స్టేజీ వైపు ఉన్నా నయమే.

జిరోలో ఉండే ఆపతానీ గిరిజనులు వరి మళ్లలోనే చేపలు పెంచుతారని విన్నాను. వెళ్లినప్పుడు ఆ మళ్లు, నీళ్లు తీసే కాలువలు ఒక ఫోటో తీసి పెట్టు అన్నా. చేప, వరి ఒకే నీళ్లలో ఎలా కుదుర్చుకున్నారో నాకు చూడాలని ఉంది.

మూలాపేట_కుట్టుమిషన్

అన్నయ్యా, మాది నెల్లూరు మూలాపేట, ఇంట్లో టైలరింగ్ చేస్తాను. మా తమ్ముడు ట్రెక్కింగులకు వెళ్తుంటాడు, వాడికి కుట్టిచ్చిన వస్తువు ఒకటి చెప్తాను. వదిన గారి మాట కూడా నిలబడుతుంది.

స్లీపింగ్ బ్యాగు లోపలి గుడ్డ పాలిస్టర్. ఒంటికి అతుక్కుంటుంది, చెమట పడితే జారుడుగా, చిరాగ్గా ఉంటుంది. దాన్ని ప్రతిసారీ ఉతకలేం కూడా. అందుకని లోపల వేసుకోవడానికి నూలు సంచి ఒకటి ఉండాలి, లైనర్ అంటారు. కొనక్కర్లేదు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన వెంకటగిరి నూలు చీర ఒకటి తియ్యమనండి. జరీ అంచు ఉంటే కత్తిరించేయాలి, గీసుకుంటుంది. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. నాలుగున్నర మీటర్లు తీసుకుని మధ్యకు మడవండి. మడత కాళ్ల వైపు వస్తుంది, అక్కడ కుట్టు ఉండదు కాబట్టి కాలి వేళ్లకు ఏమీ తగలదు. ఒక పక్క పూర్తిగా కుట్టేయాలి. రెండో పక్క పై నుంచి రెండడుగులు వదిలేసి కుట్టాలి, లోపలికి దూరడానికి. ఆ వదిలిన చోట చివర కుట్టు మీద రెండుసార్లు అడ్డంగా మిషన్ తొక్కాలి, లేకపోతే మొదటి రాత్రే అక్కడ చిరుగుతుంది. మా తమ్ముడిది అలాగే చిరిగింది. కుట్లు బయటి వైపుకు ఉండాలి, ఒంటి వైపుకు కాదు.

మిగిలిన మీటరు గుడ్డతో గలేబు. రాత్రి వేసుకోని బట్టలు, జర్కిన్ అందులో కుక్కితే అదే దిండు. ఊదే దిండ్లు కొనకండి, జారిపోతాయి.

లైనర్ అరకిలో కూడా ఉండదు. పొడి బట్టలతో పాటు కవర్లో పెట్టుకోండి. అది ఒంటికీ బ్యాగుకూ మధ్య ఉంటుంది కాబట్టి నేల చెమ్మ దాకా పోదు, సింగరాయకొండ అన్న చెప్పిన ఇబ్బంది దీనికి రాదు. బొంత లాంటి మెత్తదనం రాదు గానీ, ఇంటి వాసన ఉంటుంది. కొత్త చోట నిద్ర పట్టడానికి అది కూడా కావాలి.

చీమకుర్తి_రాయి

అక్క చెప్పిన లైనర్ నేనూ కుట్టించుకుంటాను.

ఎయిర్ బెడ్ గురించి. నేలకు పది అంగుళాల ఎత్తులో ఉన్నా, ఆ పది అంగుళాల్లో ఉన్నది ఒట్టి గాలి. నేల వైపు చల్లబడ్డ గాలి, మీ వైపు వెచ్చబడ్డ గాలి లోపల తిరుగుతూ మీ వేడిని నేలకు చేరవేస్తూనే ఉంటాయి. ఫోమ్ లోపల గాలి చిన్న చిన్న గదుల్లో కదలకుండా ఉంటుంది, తేడా అదే. ఆ పెద్ద ఎయిర్ బెడ్ ఆర్ వాల్యూ ఒకటి దగ్గరే ఉంటుంది. అదీగాక డబుల్ కాబట్టి అమ్మాయి పక్కకు తిరిగితే మీరు ఎగురుతారు, మీ నడుముకు అది అస్సలు మంచిది కాదు. రాత్రి చలికి లోపలి గాలి ముడుచుకుని బెడ్ కుంగుతుంది కూడా. చాలామంది చిల్లు పడిందనుకుని వెతుకుతారు. సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌కీ ఇది కొంచెం ఉంటుంది, పడుకునే ముందు రెండు ఊపిర్లు ఊదితే సరి.

పొద్దున టెంటు లోపలి గోడల మీద నీటి బొట్లు కనిపిస్తే కారుతోందని కంగారు పడకండి. ఇద్దరు మనుషుల ఊపిరి చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. చలి అని కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ. పైన ఉండే చిన్న గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి, బ్యాగులు గోడకు తగలకుండా జరపండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. చలిగా ఉందని నిప్పుల కుంపటి గానీ, స్టవ్ గానీ టెంట్లోకి తేవద్దు, నిప్పు ఆరిపోయిందనుకున్న బొగ్గులు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వెచ్చదనం కావాలంటే స్టీలు బాటిల్లో వేడినీళ్లు పోసి, మూత బిగించి, సాక్సులో పెట్టి పాదాల దగ్గర ఉంచుకోండి. తెల్లారి అవే మొహం కడుక్కోవడానికి పనికొస్తాయి.

వెళ్లే ముందు వారం రోజులు మేడ మీద నవారు మంచం పక్కన పెట్టి ఈ మ్యాట్ల మీదే పడుకోండి సార్. ఏదైనా తేడా ఉంటే కావలిలోనే తెలియాలి.

కావలి_టైర్లు

అన్నీ కొన్నాం, మొత్తం 8,400 అయింది. మీరు చెప్పినట్టే షాపులో బ్యాగులోకి దూరి చూశాను. మొదటిది భుజాల దగ్గర బిగుతుగా ఉంది, ఇంకో సైజు తీసుకున్నా. లైనర్ మా ఆవిడే కుట్టింది, తన పాత లేత పసుపు వెంకటగిరి చీర. బొంత బీరువాలోకి వెళ్లిపోయింది.

ఆరు రాత్రులుగా మేడ మీద మ్యాట్ల మీదే పడుకుంటున్నాను. మొదటి రెండు రాత్రులు మ్యాట్‌లో గాలి ఎక్కువై భుజం నొప్పి పుట్టింది. మూడో రాత్రి మూత వదిలి, చెయ్యి పెట్టి చూసి, మళ్లీ బిగించి, అలా నాలుగుసార్లు చేస్తే కుదిరింది. ఊది పన్నెండు ఊపిర్లు అని లెక్క పెట్టి మ్యాట్ సంచి మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను. స్లీపింగ్ బ్యాగు మాత్రం మేడ మీద తియ్యలేం, ఇక్కడ ఇంకా ఫ్యాను కావాలి. అమ్మాయి ఏసీ 18లో పెట్టి అందులో పడుకుని చూసింది, గంటలో జిప్ సగం తీసేసిందట.

కావలి_టైర్లు

మొన్న రాత్రి ఇల్లు చేరాం. మీ అందరికీ ముందు ఇది రాయాలనిపించింది.

మా టెంటు వరి మళ్లకు ఆనుకుని దొరికింది. వెదురుతో కట్టిన స్టేజీలు చూసి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. మొదటి రాత్రి పదకొండింటికి పడుకున్నాను. దూరంగా ఎవరో ఒక అమ్మాయి గిటార్ మీద పాడుతోంది, భాష ఏంటో తెలీదు. రెండో పాట సగంలో ఉండగా నిద్ర పట్టినట్టుంది. తెల్లవారుజామున మెలకువ వస్తే ముక్కు చల్లగా ఉంది, వీపు వెచ్చగా ఉంది. చెయ్యి చాపి టెంటు నేల మీద పెడితే నీళ్లలో పెట్టినట్టు చల్లగా తగిలింది. ఆ చెయ్యిని మళ్లీ మ్యాట్ మీద పెట్టాను. అప్పుడు మీ పాలిష్ పలక గుర్తొచ్చింది.

పొద్దున నడుం ఓ పది నిమిషాలు బిగుసుకున్నట్టుంది. మోకాళ్లు గుండెకు లాక్కుని ఫిజియోథెరపీ వాళ్లు నేర్పినవి చేశాను, వదిలింది. సాక్సులు నేనే తొడుక్కున్నాను. అమ్మాయి చూసింది, ఏమీ అనలేదు, నా బూట్లు తెచ్చి పక్కన పెట్టి పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయింది.

మూడో రాత్రి పెద్ద వాన. పన్నెండింటికి లేచి టార్చి వేసి చూస్తే, అద్దె టెంటు వాళ్లు వేసిన పట్టా ఒక వైపు జానెడు బయటికి వచ్చి ఉంది. దాని మీద నీళ్లు చెరువులా నిలిచాయి. సింగరాయకొండ తమ్ముడు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. వానలోనే దిగి ఆ అంచు లోపలికి మడిచాను, పక్క రెండు టెంట్లవాళ్లను కూడా లేపి చెప్పాను, వాళ్లవీ అంతే ఉన్నాయి. తిరిగొచ్చి కవర్లోని పొడి బనియను, సాక్సులు వేసుకుని చీర సంచిలో దూరాను. ఆ రాత్రికి అంతకంటే ఏం కావాలి.

ఒక్కటే కుదరలేదు. మోకాళ్ల మధ్య పెట్టుకున్న జర్కిన్ నిద్రలో జారిపోయేది. మూడో రోజు నుంచి దాన్ని లుంగీతో ఒక కాలికి వదులుగా కట్టుకున్నాను, ఆగింది.

తమ్ముడూ, వరి మళ్ల ఫోటోలు కింద పెడుతున్నా. గట్ల మీద కూడా పైరు వేశారు చూడు. ఒక పెద్దాయన మడి మధ్యలో తవ్విన గుంటను చూపించాడు, నీళ్లు తగ్గితే చేపలు అందులోకి చేరతాయట.

మ్యాట్లు, బ్యాగులు రెండూ ఉతికి మేడ మీద ఆరేశాను. మళ్లీ సంక్రాంతి దాకా మాకు అవసరం లేదు. ఈలోపు మన జిల్లాల నుంచి ఎవరైనా ఎక్కడికైనా వెళ్తుంటే ఇక్కడ రాయండి, కావలి వచ్చి తీసుకెళ్లొచ్చు. బ్యాగులు చుట్టి బిగించి దాచొద్దని చదివాను, దూది నలిగిపోతుందట. అందుకే పెద్ద గలేబుల్లో వదులుగా పెట్టి ఉంచుతున్నా.